ఓహాయోలో కొన్న పాత క్విల్ట్: ఇందులో మన బందరు చీటి ఉందా?

పాతబట్టలపిచ్చి | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం ఓహాయోలో ఉంటాం. పోయిన వారం మా ఊరికి దగ్గర్లో ఒక ఎస్టేట్ సేల్‌కి వెళ్ళాను. మా ఆయన కోసం డ్రిల్లింగ్ మెషీన్ చూద్దామని వెళ్ళి, 140 డాలర్లు పెట్టి పాత క్విల్ట్, అదే గుడ్డముక్కలు కలిపి కుట్టిన బొంత, మోసుకొచ్చాను. ఆయన ఇంకా మాట్లాడటం లేదు.

అమ్మినావిడ రెండు విషయాలు చెప్పింది. ఇది సివిల్ వార్ (అమెరికా అంతర్యుద్ధం) నాటిదట, 1860 ప్రాంతం. బానిసలు ఉత్తరాదికి పారిపోయే రోజుల్లో దారి చూపించే గుర్తుగా దీన్ని కంచె మీద ఆరేసేవారట.

ఫోటోలు పెడుతున్నాను. చిన్న చిన్న చదరాలు తొమ్మిదేసి కలిపి కుట్టారు, నైన్ ప్యాచ్ అంటారట. చాక్లెట్ రంగు ముక్కలు చాలాచోట్ల చిరిగి పొడిపొడిగా రాలుతున్నాయి. పక్కనున్న గులాబీ ముక్కలు మాత్రం నిన్న కొన్నట్టున్నాయి. వెనక్కి తిప్పి చూస్తుంటే అమెరికాకి అప్పట్లో మచిలీపట్నం (బందరు) నుంచి చీటి అనే అద్దకం బట్టలు వెళ్ళేవని ఎక్కడో చదివింది గుర్తొచ్చింది. ఇందులో మన బట్ట ముక్క ఒక్కటైనా ఉండే అవకాశం ఉందా? అసలు దీన్ని ఉతకొచ్చా?

డల్లాస్‌డాడీ | శనివారం, రాత్రి 9:58

140 డాలర్లకి చిరిగిన దుప్పటా! మా అమ్మమ్మ ఇంటి అటక మీద ఇలాంటివి నాలుగున్నాయి, షిప్పింగ్ మీరే పెట్టుకుంటే ఫ్రీ.

లింకన్‌లక్ష్మి | శనివారం, రాత్రి 10:31

ముందు చివరి ప్రశ్నకి జవాబు. ఉతకొద్దు! నీళ్ళలో పెడితే ఆ చాక్లెట్ ముక్కలు మిగలవు. ఎండలో కూడా వేయకండి. పైన సన్నటి నెట్ గుడ్డ పరిచి, వ్యాక్యూమ్ తక్కువ స్పీడులో పెట్టి దుమ్ము లాగండి, ప్రస్తుతానికి అంతే చాలు.

నేను నెబ్రాస్కాలోని లింకన్‌లో ఉంటాను. ఇక్కడి యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ క్విల్ట్ మ్యూజియం ఉంది. 1997లో ఒక దంపతులు తమ దగ్గరున్న 950 దాకా క్విల్టులు ఇచ్చేస్తే మొదలైంది. వీలున్నప్పుడల్లా అక్కడికి వెళ్ళి చూడ్డం నాకు అలవాటు. నేను నిపుణురాలిని కాదు, చూసి చూసి కొంత కన్ను కుదిరింది, అంతే.

క్విల్ట్ వయసు తేల్చడానికి అందరూ చెప్పే సూత్రం ఒకటుంది. అందులో అన్నిటికన్నా పాత ముక్క ఏదని చూడకూడదు, అన్నిటికన్నా కొత్త ముక్క ఏదని చూడాలి. ఇంట్లో ముప్పై ఏళ్ళు దాచిన ముక్కలు కూడా కుడతారు కదా. మీ గులాబీ మీద గులాబీ ప్రింటు, నీలం మీద తెల్ల చుక్కలు, ఇవి దశాబ్దాల పాటు మిల్లులు వేస్తూనే ఉన్నాయి కాబట్టి వాటితో ఏమీ తేలదు. మూడో ఫోటోలో కుడివైపు ముదురు వైన్ రంగు ముక్క, దాని పక్కన నలుపు మీద సన్న తెల్లగీతలు ఉన్నదీ దగ్గరగా తీసి పెట్టండి. నా అనుమానం వాటి మీదే.

చరిత్రపురుగు | ఆదివారం, ఉదయం 7:15

కంచె మీద ఆరేసిన క్విల్ట్ కథ నమ్మకండి. అది 1999లో వచ్చిన ఒక పుస్తకంతో బాగా పాకింది. టీవీల్లో, స్కూలు పాఠాల్లో కూడా చేరిపోయింది. కానీ బానిసత్వం నుంచి తప్పించుకున్నవాళ్ళు స్వయంగా రాసిన, చెప్పిన జీవితకథలు బోలెడున్నాయి, వాటిలో ఎక్కడా ఈ క్విల్ట్ సంకేతాల ఊసు లేదు. చరిత్రకారులు దీన్ని ఒప్పుకోరు.

విచిత్రమేమిటంటే కట్టుకథ అక్కర్లేని నిజం కథ ఒకటుంది. హారియెట్ పవర్స్ అని 1837లో జార్జియాలో బానిసగా పుట్టిన ఆవిడ, బైబిల్ కథలన్నీ బొమ్మలుగా కత్తిరించి క్విల్ట్ కుట్టి 1886లో ఆ రాష్ట్రంలోనే ఉన్న ఏథెన్స్‌లో జరిగిన ప్రదర్శనలో పెట్టింది. ఒక డ్రాయింగ్ టీచర్ అడిగితే అమ్మనంది. కొన్నేళ్ళకి చేతిలో డబ్బు లేక, పది డాలర్లు అడిగి, ఐదుకే ఇచ్చేసింది. ఇచ్చాక కూడా దాన్ని చూసుకోవడానికి వెళ్ళేదట. ఇప్పుడది వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆవిడ కుట్టిన రెండో క్విల్ట్ బోస్టన్ మ్యూజియంలో ఉంది.

పాతబట్టలపిచ్చి | ఆదివారం, ఉదయం 10:05

ఐదు డాలర్లా... అది చదివాక నా 140 గురించి గొణగడం మానేశాను.

లక్ష్మి గారూ, దగ్గర ఫోటోలు పెట్టాను. ఇంకో వింత, ఎరుపు ముక్కలు రెండు రకాలున్నాయి. ఒకటి కుంకుమలా మెరుస్తోంది. ఇంకొకటి కూడా ఎరుపే అయ్యుండాలి, ఎందుకంటే కుట్టు లోపల మడతలో ఎర్రగానే ఉంది, పైన మాత్రం వెలిసిపోయి ఇటుకపొడి కలిపిన గులాబీలా అయింది.

బందరుబ్లాక్ | ఆదివారం, ఉదయం 11:20

అక్కా, బందరు పేరు వినపడగానే వచ్చాను. మాది బందరు దగ్గర పెడన. మా తాత, నాన్న, ఇప్పుడు నేను, అందరం అద్దకం పనే.

ఎరుపు గురించి చెప్తాను. మా పనిలో రంగు బట్టకి పట్టదు, పటికకి పడుతుంది. ముందు బట్టని కరక్కాయ నీళ్ళలో, గేదెపాలలో ముంచి ఆరబెడతాం. తర్వాత అచ్చుతో పటిక నీళ్ళు అద్దుతాం. అప్పుడు బట్ట మీద ఏమీ కనపడదు. కాలవలో జాడించి, రాగి పాత్రలో ఎర్రరంగు వేసి ఉడకబెడితే పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది, మిగతాది పోతుంది. పటిక బదులు కసిమి అద్దితే నలుపు వస్తుంది. కసిమి అంటే తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టిన రసం. పూర్వం ఆ ఎర్రరంగు చిరివేరు నుంచి వచ్చేది. ఇప్పుడు మేమూ అలిజరిన్ అనే రసాయన ఎర్రరంగు డబ్బానే కొంటున్నాం, దాచుకునేదేముంది.

మన దగ్గర చీటి గుడ్డ అంటారే, ఇంగ్లీషువాళ్ళ చింట్జ్ కూడా ఆ మాట చుట్టమే. కాబట్టి ఈ విద్య అంతా మనం నేర్పిందే వాళ్ళకి. మీ క్విల్ట్‌లో సగం మన పని అనుకోండి!

లింకన్‌లక్ష్మి | ఆదివారం, మధ్యాహ్నం 1:02

బందరు తమ్ముడూ, సగం ఒప్పుకుంటాను. పటిక పట్టించి ఉడకబెట్టే పద్ధతి యూరప్‌వాళ్ళు మన కోరమాండల్ తీరం సరుకు చూసి ఆశపడి పట్టుకున్నదే. కానీ ఈ ముక్కలు మనవి కావు, ఇవి అమెరికా ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండ్ మిల్లుల కాలికోలు, అంటే అచ్చేసిన నూలుబట్టలు. మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో మెరిమాక్ కంపెనీ 1822లో పెట్టారు, న్యూహాంప్‌షైర్‌లోని డోవర్‌లో కొచెకో మిల్లు ఉండేది. రాగి రోలర్ల మీద బొమ్మ చెక్కి, గజాలకి గజాలు దొర్లించేవారు.

ఆ చాక్లెట్ రంగు చిరుగుల కథ నువ్వే చెప్పేశావు, చూడు. పటికా, ఇనుమూ కలిపి అద్ది మంజిష్ఠ జాతి వేరులో ఉడకబెడితే వచ్చేదే ఆ చాక్లెట్. ఆ ఇనుమే వందేళ్ళలో నూలుపోగుని తినేస్తుంది. గులాబీలో ఇనుము లేదు కాబట్టి నిక్షేపంలా ఉంది.

రెండు ఎరుపుల సంగతి. మెరిసేది టర్కీ రెడ్, నూనె, పటిక పట్టించి ఎన్నో దఫాలుగా చేసే రంగు, ఉతికినా ఎండ తగిలినా కదలదు. వెలిసిపోయింది కాంగో రెడ్ రకం రసాయన రంగు అయ్యుండాలి. దాన్ని కనిపెట్టిందే 1880ల్లో. పటికా అక్కర్లేదు, తిప్పలూ లేవు, నేరుగా ముంచితే చాలు. చవక. అందుకే వెలిసింది.

ఆ వైన్ రంగు ప్రింట్లు 1890 నుంచి ఓ పాతికేళ్ళు ఫ్యాషన్. నలుపు మీద తెల్లగీతలు కూడా అంతే, అమెరికా మిల్లుల్లో నూలు మీద మంచి గట్టి నలుపు అంతకుముందు అరుదు. కాబట్టి మీ క్విల్ట్ 1890 తర్వాతే కుట్టారు. నా అంచనా 1890-1905 మధ్య. సివిల్ వార్ 1865లోనే అయిపోయింది.

బందరుబ్లాక్ | ఆదివారం, మధ్యాహ్నం 1:25

నలుపు అరుదా? మా కసిమి నలుపు మూడు వందల ఏళ్ళ గుడ్డల మీద కూడా నల్లగానే ఉంటుందక్కా.

లింకన్‌లక్ష్మి | ఆదివారం, మధ్యాహ్నం 1:40

ఉంటుంది, గుడ్డ ఉంటే! పాత కలంకారీల్లో నల్లగీత ఉన్నచోటే కన్నం పడటం నువ్వు చూడలేదా?

బందరుబ్లాక్ | ఆదివారం, మధ్యాహ్నం 1:44

చూశాను. ఊరుకుంటాను.

చరిత్రపురుగు | ఆదివారం, సాయంత్రం 4:30

"మనమే నేర్పాం" దగ్గర ఆగిపోతే అసలు కథ పోతుంది. 1600ల మొదట్లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో దిగారు. మన చీటి గుడ్డలకి యూరప్ ఎంత పిచ్చెక్కిపోయిందంటే ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ 1700లో దిగుమతి సరుకు వాడకాన్ని ఆపే చట్టం చేసింది, 1721లో అద్దకం నూలుబట్ట కట్టుకోవడమే నేరమంది. ఉన్ని, పట్టు నేతగాళ్ళ ఒత్తిడి అది. 1774 వరకూ సడలించలేదు. ఆ మధ్యకాలంలో వాళ్ళు ఊరికే కూర్చోలేదు. 1752లో ఐర్లండ్‌లో ఫ్రాన్సిస్ నిక్సన్ రాగిరేకుల మీద చెక్కి బట్ట మీద అచ్చేయడం మొదలెట్టాడు. లండన్‌లో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1758లో ఇంటికి పంపిన సరుకులో 56 గజాల రాగిరేకు అచ్చు నూలు ఉంది, కొత్త విద్య అని భార్యకి మురిసిపోతూ రాశాడు. 1783లో థామస్ బెల్ రోలర్ యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. చెక్క అచ్చుతో ఒక మనిషి రోజంతా చేసే పని యంత్రం నిమిషాల్లో చేస్తుంటే బందరు ఏం చేస్తుంది?

అమెరికాలోనూ ముందు అచ్చు చెక్కలే. జాన్ హ్యూసన్ అని ఫిలడెల్ఫియాలో ఒక అద్దకంవాడు ఉండేవాడు, 1788 ఊరేగింపులో బండి మీద అచ్చులేస్తూ పోయాడు. పూలకుండీ బొమ్మతో అతను వేసిన గుడ్డలు పాత క్విల్టుల మధ్యలో ఇప్పటికీ దొరుకుతాయి.

ఇంకో మాట కూడా అనాలి. ఆ మిల్లుల నూలు ఎక్కడిది? 1860 నాటికి అందులో చాలా భాగం దక్షిణాది తోటల్లో బానిసలు ఏరిన పత్తి. క్విల్ట్ కంచె మీద ఆరేశారా లేదా అని వాదించుకుంటాం గానీ, బానిసత్వం ఆ గుడ్డ పోగులోనే ఉంది.

ఓరుగల్లుపిల్ల | ఆదివారం, రాత్రి 8:10

మంచిగ చెప్పిన్రు సార్. నాకొక చిన్న డౌటు. మా నానమ్మ గోధుమపిండి సంచులు విప్పి దిండు గలేబులు కుట్టేది, మీద అచ్చు పోవాల్నని సోడా వేసి ఉడకబెట్టేది. అమెరికాలో పిండి సంచులకే పూలు అచ్చేసి అమ్మిన్రంట, నిజమేనా?

లింకన్‌లక్ష్మి | ఆదివారం, రాత్రి 8:42

నిజమే. 1920ల నుంచి కోళ్ళ దాణా, పిండి, పంచదార కంపెనీలు ఆడవాళ్ళు మెచ్చాలని పూల ప్రింటు సంచులు తెచ్చాయి. ఒక గౌనుకి ఒకే డిజైన్ సంచులు మూడు కావాలి, పాపం దాణా కొనడానికి వెళ్ళిన మగాళ్ళు బస్తాల గుట్టలో వెతుక్కునేవారు. ఆ లేత రంగులు చూడగానే 1930లు అని గుర్తుపట్టొచ్చు. పాత సంచి అయితే కుట్టు విప్పిన చోట వరుసగా లావు సూది కన్నాలు కనిపిస్తాయి.

తెనాలిఅత్త | ఆదివారం, రాత్రి 9:15

మనవడు టైపు చేస్తున్నాడు, తప్పులుంటే వాడివి. అమ్మాయ్, ఇంతమంది ఇంత చెప్పారు గానీ, ఆ బొంత బరువెంతో ఎవరూ అడగలేదేం?

పాతబట్టలపిచ్చి | ఆదివారం, రాత్రి 9:33

అత్తయ్యగారూ, భలే అడిగారు! బాత్రూమ్ తూకం మీద చూశాను, ఏడు పౌండ్లకి పైనే, అంటే మూడు కిలోల మీద. మోసుకొస్తుంటేనే చేతులు పీకాయి. దూది ఎక్కువ కూరారేమో అనుకున్నా. దీపానికి ఎదురుగా పట్టుకుంటే లోపల గింజల్లాంటి మచ్చలు కనపడ్డాయి, గింజలుంటే పత్తి జిన్ను (దూదిలోంచి గింజలు తీసే యంత్రం) రాకముందుదని, అంటే 1793 కన్నా పాతదని అమ్మినావిడ చెప్పింది, అది కూడా అబద్ధమేనా?

లింకన్‌లక్ష్మి | ఆదివారం, రాత్రి 9:50

అబద్ధం అనను, పాతకాలపు అపోహ. జిన్ను వచ్చాక కూడా చవక దూదిలో నలక, గింజ ముక్క మిగిలేవే. కానీ ఆ తూకం విచిత్రంగా ఉంది. ఈ సైజు నూలు క్విల్ట్ మామూలుగా అంత బరువుండదు.

తెనాలిఅత్త | ఆదివారం, రాత్రి 10:04

విచిత్రమేముంది, లోపల పాత బొంత ఉంది. మా అమ్మ ఏం చేసేదనుకున్నావు? బొంత చిరిగితే పారేసేదా? పైన ఒక చీర, కింద ఒక చీర పరిచి, పాతదాన్ని మధ్యలో పెట్టి మళ్ళీ కుట్టేది. నేను పెళ్ళై తెచ్చుకున్న బొంతలో మా అమ్మమ్మ చీర ఉంది, ఎర్రంచుది. చూడలేదు, ఉందని తెలుసు. చిరిగినచోట వేలు పెట్టి చూడు. లాగకు.

పాతబట్టలపిచ్చి | సోమవారం, ఉదయం 6:20

నిద్ర పట్టలేదు. టార్చి, ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఒక చాక్లెట్ ముక్క పూర్తిగా రాలిపోయిన చోట, కింద దూది కాదు, ఇంకో గుడ్డ కనిపిస్తోంది!!! బొటనవేలు అంత కన్నం. అందులో పెద్ద పువ్వులో ఒక రేకు, ముదురు ఎరుపు నుంచి లేత ఎరుపులోకి, గోధుమరంగు కాడ, ఒక ఆకు నీలంగా ఉంది. నీలం ఆకు! పైనున్న చిన్న చిన్న ప్రింట్లకీ దీనికీ పోలికే లేదు. ఫోటో పెట్టాను.

అత్తయ్యగారూ, మీ కాళ్ళకి దణ్ణం.

డల్లాస్‌డాడీ | సోమవారం, ఉదయం 6:41

అటక మీద బొంతలు ఫ్రీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను, ఒకటి కుక్కకి వేసిందట.

బందరుబ్లాక్ | సోమవారం, ఉదయం 7:05

నీలం ఆకా! అక్కా, నీలం మీద పసుపు ఉండి వెలిసిపోయిందన్నమాట. మా పాత పనిలో ఆకుపచ్చ అంటే నీలం మీద పసుపు పూయడమే, పసుపు ముందు పోతుంది, నీలం మిగులుతుంది. గుండె కొట్టుకుంటోంది నాకు. దయచేసి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా ఆ రేకు అంచు తీయండి. గీత కలంతో గీసినట్టు ఒకచోట లావు, ఒకచోట సన్నం ఉందా? లేక చుక్కలు ఉన్నాయా?

పాతబట్టలపిచ్చి | సోమవారం, మధ్యాహ్నం 12:30

ఆఫీసులో లంచ్ టైమ్‌కి ఇంటికొచ్చేశాను. చుక్కలున్నాయి. రేకు మీద నీడ అంతా సూదిమొనతో పెట్టినట్టు సన్న చుక్కలే. కాడ పక్కన అలంకారంతో సంబంధం లేని చుక్కలు కూడా రెండున్నాయి, సమంగా, ఒకే రంగులో.

బందరుబ్లాక్ | సోమవారం, మధ్యాహ్నం 12:52

అయ్యో.

మనది కాదక్కా. అప్పట్లో మన తీరం నుంచి వెళ్ళిన మంచి సరుకు కలంతో గీసిందే. మా అచ్చులు టేకు చెక్కలో చెక్కుతారు. అంత సన్న చుక్క రావాలంటే చెక్కకి ఇత్తడి మేకులు కొట్టాలి, అది వాళ్ళ పద్ధతి. ఆ విడి చుక్కలు రెండూ అచ్చు మూలల్లోని గుర్తులు, తర్వాతి అచ్చు ఎక్కడ పెట్టాలో తెలియడానికి. ఎవరు వేశాడో గానీ చెయ్యి తిరిగినవాడు, గుర్తుల్ని కాడ పక్కనే దాచేశాడు చూడండి. నేనైతే అంత బాగా దాచలేను.

లింకన్‌లక్ష్మి | సోమవారం, మధ్యాహ్నం 1:30

అదే నా మాట కూడా. ఇంగ్లండ్ చెక్క అచ్చు చీటి, 1800-1830 ప్రాంతం పోలిక. బాధపడకండి, అలాంటి గుడ్డ అప్పట్లో అమెరికాలో బాగా ఖరీదు. పూలు విడివిడిగా కత్తిరించి తెల్లబట్ట మీద అతికి కుట్టుకునేవారు, ఒక్క గజంతో మంచమంతా నిండినట్టు ఉండాలని. కోరమాండల్ నుంచి వచ్చిన పలంగ్‌పోష్‌లు, వాళ్ళు పాలంపోర్ అన్నవి, చెట్టు బొమ్మతో మంచం నిండా ఉండేవి. వాటిని చూసి పుట్టిన ఫ్యాషనే ఇది.

ఇంకొక్క ఆధారం ఉంది. 1774 చట్టంలో ఒక షరతు పెట్టారు, ఇంగ్లండ్‌లో నేసిన అచ్చు నూలుబట్ట అంచులో మూడు నీలం పోగులు ఉండాలని. 1811 దాకా అది నడిచింది. లోపలి గుడ్డకి అంచు ఎక్కడైనా మిగిలి ఉండి, ఆ మూడు పోగులూ కనపడితే ఇక వాదన లేదు.

చరిత్రపురుగు | సోమవారం, సాయంత్రం 5:10

అయితే విప్పి చూడాల్సిందే! పక్క కుట్టు నాలుగు అంగుళాలు విప్పితే చాలు కదా?

లింకన్‌లక్ష్మి | సోమవారం, సాయంత్రం 5:22

వద్దు సార్. పైపొర కుట్టినావిడ పనిని కిందిపొర కోసం చంపకూడదు. 1890ల్లో ఎవరో ఒకావిడ తన నానమ్మదో అత్తగారిదో చిరిగిన క్విల్ట్‌ని పారేయలేక లోపల పెట్టి కుట్టుకుంది. మ్యూజియంవాళ్ళైనా లైట్ టేబుల్ మీద పరిచి చూస్తారు గానీ విప్పరు.

పాతబట్టలపిచ్చి | మంగళవారం, రాత్రి 8:45

విప్పడం లేదు. యాసిడ్ లేని టిష్యూ పేపర్ తెప్పించాను, మడత దగ్గర పేపర్ చుట్టలు పెట్టి పెట్టెలో దాచాను. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చాలని లక్ష్మి గారు ఫోన్‌లో చెప్పారు. కన్నం దగ్గర సన్నటి నెట్ ముక్క పెట్టి అంచుల్లో రెండు కుట్లు వేద్దామనుకుని, చెయ్యి వణికి మానేశాను. వేసవిలో లింకన్ వెళ్తున్నాం. మా ఆయన డ్రైవ్ చేస్తానన్నాడు, అంటే మాట్లాడుతున్నట్టే.

అమ్మినావిడకి కూడా ఫోన్ చేశాను. ఆ ఇల్లు ఎవరిది, ఎన్నాళ్ళు ఉన్నారు అని అడిగితే తెలీదంది. "సివిల్ వార్ నాటిది కాకపోతే డబ్బులు తిరిగివ్వమంటారా?" అని కాస్త కంగారుగా అడిగింది. అక్కర్లేదన్నాను.

బందరుబ్లాక్ | మంగళవారం, రాత్రి 9:02

లింకన్‌లో వాళ్ళు అంచు చూస్తే మాత్రం నాకు చెప్పండి అక్కా. ఆ రేకు ఫోటో మా అచ్చు చెక్కే బాబాయికి చూపించాను. ఇత్తడి మేకుల అచ్చు ఒకటి చేసి చూస్తానంటున్నాడు.

తెనాలిఅత్త | మంగళవారం, రాత్రి 9:20

మనవడి చేత నా బొంత తూకం వేయించాను. రెండు కిలోల ఎనిమిది వందలు. ఎర్రంచు చీర లోపలే ఉన్నట్టుంది.